సెలూన్ గోడ మీద రేటు రాస్తే కోపమెందుకు?

(మా గ్రామీణ విలేఖరి)

మా మండలంలోని ఊళ్ళలో సెలూన్లవారు ఈ ఉగాది నుంచి కటింగుకు 100 రూపాయలు, గడ్డానికి 50 రూపాయలు అని రాసి గోడకు తగిలించారు. అంతకు ముందు కటింగు 70, గడ్డం 30 ఉండేది. దీని మీద రచ్చబండ దగ్గర, టీ కొట్ల దగ్గర రోజూ వాదన జరుగుతూనే ఉంది. ఒకటి రెండు ఊళ్ళలో పెద్దమనుషులు కూర్చుని, పాత రేటుకే చేయాలని, లేకపోతే పక్క మండలం నుంచి మనిషిని తెచ్చుకుంటామని కబురు కూడా పెట్టారు. బీద జనం నెత్తిన భారం పడుతోందన్నది వారు చెబుతున్న కారణం.

ఈ వాదనను నేను నాలుగైదు ఊళ్ళలో విన్నాను. చిత్రమేమంటే, బీదవారి తరఫున మాట్లాడేవారిలో బీదవారు కనిపించలేదు. కూలికి పోయేవాడు, ఆటో తోలేవాడు, తాపీ పని చేసేవాడు "అన్నీ పెరిగాయి, అదీ పెరిగింది" అని ఊరుకుంటున్నారు. గొంతు పెంచేవారికి ఏడెనిమిది ఎకరాలు తక్కువ లేవు. నెలకు ముప్ఫై రూపాయలు వారికి లెక్కా? మరి మంట ఎక్కడుంది? ఒక పెద్దాయన నోటి నుంచి అసలు మాట జారింది. "వాడూ వందే, నేనూ వందేనా?" అన్నాడాయన.

ఆ మాట అర్థం కావాలంటే గోడ మీద రేటు లేని రోజులు గుర్తు చేసుకోవాలి. మన తాతల కాలంలో క్షురకుడికి డబ్బు ఇచ్చేవారు కాదు. ఊరికి పని చేసే చాకలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి వంటి ఆయగాండ్రలో అతనూ ఒకడు. ఏడాది పొడుగునా రైతుల ఇళ్ళకు వెళ్ళి అరుగు మీద క్షవరం చేయాలి. పెళ్ళికి సన్నాయి ఊదాలి, పెళ్ళికొడుకును చేయాలి, చావుకు పదో రోజు పని చూడాలి. అతని ఇంటి ఆడది పురుళ్ళు పోయాలి. ఇన్నిటికీ కలిపి కుప్ప నూర్చినప్పుడు కళ్ళం దగ్గర ఇన్ని కుంచాలని మేర కొలిచేవారు. పండగకు ఒక పంచె, పురుడుకు చేటెడు బియ్యం, పాత చీర అదనం. కొలిచేది రైతు, తలొంచి గోతం పట్టేది అతను. పంట పోయిన ఏడు మేరా పోయేది. పంట బాగా పండిన ఏడు మాత్రం కుంచం పెరిగినట్టు ఎవరూ చెప్పరు.

పెద్దవాళ్ళు ఆ పద్ధతిని ఎంతో ఆప్యాయంగా చెబుతారు. అందరం ఒక కుటుంబంలా ఉండేవాళ్ళం అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో కూడా చూడాలి. మేర కొలిచేది భూమి ఉన్నవాడు. భూమి లేనివాడికి కళ్ళం లేదు, కళ్ళం లేనివాడు మేర ఇవ్వలేడు. అలాంటివారు చిల్లరో, గింజలో ఇచ్చి, ఎప్పుడు తీరికైతే అప్పుడు తల ఒప్పజెప్పేవారు. ఇక మాలపల్లెకు, మాదిగపల్లెకు అతను వెళ్ళేవాడే కాదు. వాళ్ళు వేపచెట్టు కింద ఒకరికొకరు కత్తెర పట్టుకుని చేసుకునేవారు. దీనికి క్షురకుణ్ణి ఒక్కణ్ణే తప్పు పడితే సరిపోదు. ఏడాది తిండి పదిపదిహేను కళ్ళాల నుంచి రావాలి. ఆ కళ్ళాల యజమానులకు ఇష్టం లేని తల అతను ముట్టుకుంటే మర్నాటి నుంచి ఆ పదిహేను గడపలూ మూతబడతాయి. అంటే అతని పనికి కూలి ఎలా ఇస్తున్నారన్నదే అతను ఎవరికి పని చేయాలన్నది తేల్చింది. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే. రేటు అనేది సంపాదన సంగతి మాత్రమే కాదు, కుర్చీలో ఎవరు కూర్చుంటారన్న సంగతి కూడా.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన విషయమేమీ కాదు. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న అంటరానితనం, దుకాణాల్లో ప్రవేశం గురించి చర్చ వచ్చింది. దుకాణం అంటే ఏమిటి, ఏవేవి అందులోకి వస్తాయి అని సభ్యులు అడిగారు. దానికి డాక్టర్ అంబేద్కర్ జవాబిస్తూ, ఇక్కడ దుకాణం అనే మాటను విశాలమైన అర్థంలో వాడామని, తన సేవ కోరి వచ్చిన వారెవరికైనా పని చేయడానికి సిద్ధపడి కూర్చున్న చోటల్లా దుకాణమేనని వివరించారు. లోపలికి రానిస్తే సరిపోదు, షరతులు కుదిరితే పని చేసి పెట్టాలన్నది ఆయన చెప్పిన దాని సారం. షరతులు కుదరడం అంటే మన సెలూన్‌లో ఏమిటి? రేటు. రేటు ఇంత అని ముందే చెప్పి ఉంటే, అది ఇస్తానన్న మనిషిని కాదనడానికి వీలుండదు.

తర్వాత 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. దానినే 1976లో సవరించి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. మిగతావారికి ఏ చోట, ఏ వేళ, ఏ షరతుల మీద పని చేస్తున్నారో, అదే షరతుల మీద అంటరానితనం పేరుతో ఒకరికి చేయననడం నేరమని ఆ చట్టం చెబుతోంది. నెలకు తగ్గకుండా ఆరు నెలల దాకా జైలు, 100 నుంచి 500 రూపాయల దాకా జరిమానా. ఇందులో "అదే షరతుల మీద" అన్న మాటను పాఠకులు గమనించాలి. గోడ మీద షరతు రాసి లేకపోతే ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట చెప్పవచ్చు. "ఇవాళ తీరిక లేదు" అనవచ్చు. "నీకైతే ఇంత అవుతుంది" అనవచ్చు. చట్టం పట్టుకునేదాకా వెళ్ళాలంటే ముందు ఆ షరతు ఒకచోట రాసి ఉంటే తేలిక.

మేర ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి. దానిని ఎవరూ ఉద్యమం చేసి తీసెయ్యలేదు. వరికోత మిషను వచ్చింది. ధాన్యం చేలోనే ట్రాక్టరుకెక్కి, అక్కణ్ణుంచి నేరుగా మిల్లుకో, కొనుగోలు కేంద్రానికో పోతోంది. కళ్ళమే లేనప్పుడు గోతం పట్టుకుని ఎక్కడ నిలబడాలి? ఇంకో పక్క భూములు కౌలుకు పోయాయి. కౌలుదారు "మేర ఆసామి ఇవ్వాలి" అంటాడు, ఆసామి హైదరాబాదులో ఉంటాడు. ఇలా రెండు మూడు పంటలు చూసి క్షురకుడు బస్టాండు దగ్గర పాక వేసుకున్నాడు. ఒక చెక్క కుర్చీ, ఎదురుగా అద్దం, చిన్నపిల్లల కోసం కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే పీట, గోడకు సినిమా తారల బొమ్మలు. అంతే, ఇంటింటికీ తిరిగే మనిషి దుకాణదారుడయ్యాడు. ఆసామి అరుగు మీద పిలిపించుకోవడం పోయి, ఆసామే వచ్చి బెంచీ మీద వంతు కోసం కూర్చోవడం మొదలైంది. పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకునే అవకాశం పోయింది. అన్ని ఊళ్ళలోనూ ఇది సవ్యంగా జరిగిందని అనను. దళితులకు పని చేయబోమని పాక మూసేసుకున్నవాళ్ళూ, ఆసాముల భయంతో వాళ్ళకు వేరే కత్తెర, వేరే గుడ్డ పెట్టినవాళ్ళూ ఉన్నారు. కానీ రోజుకు పాతిక మంది నుంచి చిల్లర డబ్బులు తెచ్చుకునేవాడు, పదిహేను కళ్ళాల మీద బతికేవాడి కన్నా ధైర్యంగా ఉండగలడు. ఒక్కరు అలిగి వెళితే ఒక్క కటింగు పోతుంది, ఏడాది తిండి పోదు.

ఇక రేటు రాయకుండా "మీకు తోచింది ఇవ్వండి" అనే పద్ధతి సంగతి. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆచరణలో ఏం జరుగుతుందో చూడండి. కూలివాడు పక్కవాడు ఎంత ఇచ్చాడో కనుక్కుని, తక్కువైతే చిన్నతనమని పది ఎక్కువే ఇస్తాడు. మోతుబరి యాభై చేతిలో పెట్టి "మిగతాది తర్వాత చూద్దాం" అంటాడు. ఆ తర్వాత రాదు. అడగడానికి నోరు రాదు. ఖాతా పుస్తకాల్లో రెండేళ్ళ బాకీ ఎవరి పేర్ల మీద ఉందో సెలూన్లవారిని అడిగితే నవ్వి ఊరుకుంటారు. బీదవాడికి సెలూన్లో అప్పు పుట్టదు గనుక అతని పేరు అందులో ఉండదు. అలా తోచినంత పద్ధతిలో బెంచీ నిండా బాకీదార్లు, మొహమాటస్థులు చేరతారు. ఎంత అడుగుతారో తెలియని కొత్తవాడు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతాడు. ఇప్పుడు ఫోన్‌పే స్టిక్కరు అతికించాక ఈ బాధ కొంత తగ్గింది. అంకె కొట్టి పంపాలి గదా, అంకె ఎంతో అడగక తప్పదు.

రేటు తక్కువ ఉంటే బీదవాడికి మేలు అన్నది రెండో వాదన. దీనినీ కాస్త లెక్క వేసి చూద్దాం. ఒక కటింగుకు పాతిక నిమిషాలనుకుంటే పది గంటలు నిలబడినా పాతిక తలల కన్నా అవవు. మంగళవారం సెలవు. పెళ్ళిళ్ళ రోజుల్లో సన్నాయికి వెళితే ఆ రోజు కొట్టు మూతే. రేటు మరీ తక్కువ ఉన్న కొట్టులో అద్దె, బ్లేడు, పౌడరు, తువ్వాళ్ళ ఉతుకు గిట్టాలంటే అతను పాతిక నిమిషాల పనిని పన్నెండు నిమిషాల్లో లాగించాలి. ఒకే తువ్వాలు పది మెడలకు చుట్టాలి. సగం బ్లేడు ఇద్దరు ముగ్గురికి వాడాలన్న ఆశ పుడుతుంది. రక్తం తగిలిన బ్లేడుతో కామెర్ల జబ్బు తెచ్చే హెపటైటిస్ బి క్రిములు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఇరవై రూపాయలు మిగిలిందనుకున్నవాడికి ఆ జబ్బు వస్తే ఆసుపత్రి ఖర్చు ఎవరిస్తారు?

పైగా అంత చవక కొట్టు ముందు ఆదివారం చూడండి. బెంచీ నిండి, అరుగు నిండి, జనం రోడ్డు మీద నిలబడతారు. అక్కడ మూడు గంటలు కూర్చోగలవాడు ఎవడు? పని లేనివాడు. కాలేజీ కుర్రాడు, పింఛను తీసుకునే పెద్దాయన, పేపరు చదువుకోవడానికి వచ్చే పెద్దమనిషి. వారమంతా పనికి పోయి ఆదివారం సంతకు పోవాల్సిన కూలివాడు ఆ వరుస చూసి టౌనుకు పోయి, ఎక్కువ ఇచ్చి చేయించుకుని వస్తాడు. చవక రేటు డబ్బు లేనివాడిని పిలుస్తుందనుకుంటాం గానీ, చాలాసార్లు తీరిక ఉన్నవాడినే పిలుస్తుంది. కూలివాడికి డబ్బుకే కాదు, పూటకూ కరువే.

ఇది సెలూన్‌కే పరిమితం కాదు. జాకెట్లు కుట్టే ఆడవాళ్ళను అడగండి. అందరికన్నా ఇరవై తక్కువకు కుడతానన్న ఆమె దగ్గరికి సంక్రాంతి ముందు రోజు గుడ్డ తెచ్చి సాయంత్రానికి కావాలనేవాళ్ళు వస్తారు. చేతులు బిగుతని, మెడ దిగిందని మూడుసార్లు విప్పించేదీ వాళ్ళే. న్యాయమైన రేటు చెప్పినావిడ దగ్గరికి వారం ముందే వచ్చి కొలత జాకెట్టు ఇచ్చి వెళతారు. ఇద్దరూ ఒకే వీధిలో, ఒకే మిషను మీద కుడుతున్నారు.

పల్లెల్లో ఆర్.ఎం.పి.ల సంగతి మరీ ముఖ్యం. చూసినందుకు ఫీజు అని అతను విడిగా అడగడు. అడిగితే మనమూ ఇవ్వం. "సూది వేయలేదు, బిళ్ళ ఇవ్వలేదు, ఊరికే చూసినందుకు డబ్బులా?" అంటాం. కాబట్టి అతని కూలి అంతా సూదిలోనూ, సెలైన్ సీసాలోనూ దాచుకున్నాడు. ఇక వచ్చినవాడికి సూది అవసరమా కాదా అన్న ప్రశ్నే లేదు, వేస్తేనే అతనికి గిట్టేది. సూది కావాలనుకునేవాళ్ళే అతని దగ్గరికి చేరతారు. "ఇది రెండు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, మంచినీళ్ళు బాగా తాగు" అని చెప్పినందుకు యాభై రూపాయలు ఇచ్చే అలవాటు మనకు ఉంటే, ఆ సలహా చెప్పేవాడే మనకు దొరికేవాడు. ఏ పనికి రేటు కడతామో ఆ పనే మనకు జరుగుతుంది.

రేటు పెరిగితే బీదవాడు నష్టపోయే చోటు లేదని నేను అనడం లేదు. టౌనులో ఏసీ సెలూన్లు వెలిశాయి. తిరిగే కుర్చీలు, మొహానికి క్రీములు, తల మర్దనలు. అక్కడ కటింగు 200, 250. ఆ రేటు పని కోసం పెట్టింది కాదు, ఎవరు రాకూడదో చెప్పడానికి పెట్టింది. పని మన ఊరి కుర్రాడే చేస్తున్నాడు, అతని జీతం పెరగలేదు. ఇప్పుడు కులం అడగక్కర్లేదు, ధర చూసి వాళ్ళే ఆగిపోతారు. ఈ ధోరణి పల్లెకు వస్తే, వేపచెట్టు కింద నుంచి కుర్చీ దాకా వచ్చినవాళ్ళు మళ్ళీ బయటే మిగులుతారు. అందుచేత రేటు ఉండాలి, రాసి ఉండాలి, అది ఊళ్ళో కూలి చేసుకునేవాడికి అందేదిగానూ ఉండాలి. మా మండలంలో పెట్టిన వంద అలాంటిదేనని నా అభిప్రాయం. కూలివాళ్ళు గొణగడం లేదన్నదే దానికి రుజువు.

బొత్తిగా ఇచ్చుకోలేనివాడి మాటేమిటి అని అడగవచ్చు. దానికీ దారులు ఉన్నాయి. మదురైలో 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 11 మంచాలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రిలో డబ్బు కట్టేవారూ, ఉచితంగా చేయించుకునేవారూ ఇద్దరూ ఉంటారు. కట్టేవారు ఇచ్చిన దానితో కట్టలేనివారికి శుక్లాల ఆపరేషను జరుగుతుంది. హైదరాబాదులో 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి కూడా సుమారు ఇదే బాటలో నడుస్తోంది. మన జిల్లా నుంచి వెళ్ళివచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, అడిగి చూడండి. గది వేరు, మంచం వేరు, కంటికి చేసే వైద్యం మాత్రం ఒకటే. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇవ్వడానికి రుసుము లేదు, ఆ ఖర్చు దేవస్థానం చూసుకుంటుంది. అంటే ఉచితం కావాలంటే ఎవరో ఒకరు భరించాలి. ఆ భారం రెక్కాడితే గానీ డొక్కాడని క్షురకుడు ఒక్కడే మోయాలని మన పెద్దమనుషులు తీర్మానం చేయడం ఏం న్యాయం? ఊళ్ళో దిక్కులేని పదిమంది ముసలివాళ్ళకు నెలకోసారి క్షవరం ఊరి ఖర్చుతో చేయిద్దామని ఎవరైనా అంటే సెలూన్లవారు సంతోషంగా ఒప్పుకుంటారు. ఆ మాట ఇంతవరకు ఏ రచ్చబండ మీదా వినలేదు.

"సర్కారు డబ్బు ఇచ్చింది గదా, ఇంకా రేటెందుకు?" అనేవారూ ఉన్నారు. 2020 జూన్‌లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం చేదోడు పథకం కింద కొట్లు ఉన్న నాయీబ్రాహ్మణులకు, రజకులకు, దర్జీలకు ఏడాదికి 10 వేల రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. పది వేలను పన్నెండు నెలలకు పంచితే రోజుకు 28 రూపాయలు కూడా పడవు. రైతుకు పెట్టుబడి సాయం వస్తోంది గనుక ధాన్యం ధర తగ్గించమంటే ఊరుకుంటామా? ప్రభుత్వం ఇచ్చేది ప్రభుత్వంతో వస్తుంది, ప్రభుత్వంతో పోతుంది. చేతి పనికి ధర చేతి పనికే.

పెద్దమనుషులు అడగదగినవి వేరే ఉన్నాయి. వంద ఇస్తున్నాం గనుక మనిషికో కొత్త బ్లేడు కళ్ళముందు తుంచి వేయమని అడగాలి. ఉతికిన తువ్వాలు అడగాలి. పటిక ముక్క ఒకరి చెంప మీద రాసింది ఇంకొకరికి రాయవద్దని చెప్పాలి. వచ్చినవాడికి వచ్చిన వరుసలోనే వంతు ఇమ్మనాలి. రేటు ఇచ్చినవాడికి ఇవన్నీ అడిగే హక్కు ఉంది. యాభై ఇచ్చి తర్వాత చూద్దామన్నవాడికి లేదు.

సెలూన్లవారికి కూడా ఒక మనవి. గోడ మీద కటింగు, గడ్డం రాశారు, బాగుంది. మంచాన పడ్డవారి ఇంటికి వెళ్ళి చేసే పనికి, పదో రోజు చెరువు గట్టు దగ్గర చేసే పనికి, సన్నాయి మేళానికి ఏమీ రాయలేదు. గొడవలన్నీ ఇప్పుడు అక్కడే వస్తున్నాయి. చావు ఇంట్లో బేరమాడటానికి ఎవరికీ నోరు రాదు, అడిగినంత ఇచ్చి తర్వాత ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. కొడుకులు దూరాన ఉన్న ముసలివాళ్ళు గడ్డం పెరిగి మంచంలో ఉంటే, పిలిస్తే ఎంతవుతుందో తెలియక కోడలు పిలవడం లేదు. మొన్న ఒక ఊళ్ళో ఇంటికి వెళ్ళి చేస్తే 150 అని ఒకాయన నోటిమాటగా చెప్పాడు. అదే వీధిలో ఇంకొకరికి 300 అన్నాడట. ఆ రెండు మూడు వరుసలు కూడా అదే అట్టముక్క మీద కింద రాస్తే, దసరాకు మళ్ళీ మండల కేంద్రంలో అందరూ కలిసేలోగా ఈ గొడవ సగం తీరుతుంది.